చెత్తకుప్ప మీద హర్గిలా

1896 డిసెంబరులో కలకత్తా నగరపాలక సంస్థకి ఒక అధికారిక ముద్ర మంజూరైంది. ఇంగ్లండులో జమీందారీ కుటుంబాలకీ, పెద్ద ఊళ్ళకీ ఇచ్చే పద్ధతిలోనే ఇచ్చారు. మధ్యలో డాలు, దానికి అటూ ఇటూ కాపలాగా రెండు జంతువులు. మామూలుగా ఆ చోట సింహాలో గుర్రాలో ఉంటాయి. కలకత్తాకి మాత్రం రెండు కొంగలు దక్కాయి. బట్టతల, బోసి మెడ, ముక్కున పాము. అందం చూసి ఆ పక్షిని ఎవరూ ఎంచుకోరు. అది ఆ ఊరి పారిశుద్ధ్య సిబ్బందిలో ఒకటి కాబట్టి ఎంచుకున్నారు.

దాని పేరు హర్గిలా. ‘హాడ్’ అంటే ఎముక, ‘గిలా’ అంటే మింగేది. ఇంగ్లీషువాళ్ళు ‘అడ్జుటెంట్’ అన్నారు, పరేడు మైదానంలో పచార్లు చేసే సైనికాధికారిలా బిగుసుకుని నడుస్తుందని. బ్రిటిష్ కాలపు పక్షి గ్రంథాల్లో దీనికో తెలుగు పేరు కూడా కనిపిస్తుంది: పీనిగల కొంగ. ఈ మూడు పేర్లూ పక్కపక్కన పెట్టుకుంటే దాని జీవితం దాదాపు అర్థమైపోతుంది. నిలబడితే దగ్గర దగ్గర ఐదడుగుల ఎత్తు. రెక్కలు చాపితే ఎనిమిది అడుగులు. మెడ కింద నారింజ రంగు తోలుసంచి వేలాడుతూ ఉంటుంది. చేపలు, కప్పలు, పాములు, కళేబరాలు, ఎముకలు, ఏది దొరికితే అది తింటుంది.

ఈ వ్యాసం ఆ పక్షి గురించి. అది తినే చెత్త గురించి కూడా. ఒక ఊరు తన డంపింగ్ యార్డుని ఎక్కడ పెట్టాలో, ఎంతవరకు పెంచాలో తేల్చుకునేటప్పుడు ‘ఇక్కడివరకు వన్యప్రాణుల చోటు, ఇక్కడినుంచి మనది’ అని ఒక గీత గీస్తారు కదా, అసలు కథ ఆ గీతది.

యాభై రూపాయల జరిమానా

పంతొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో కలకత్తా వచ్చిన ఏ యూరోపియన్ డైరీ తిరగేసినా హర్గిలా ఎక్కడో ఒక చోట తగులుతుంది. ఎండాకాలం, వానాకాలం అంతా అవి ఊళ్ళోనే. గవర్నర్ జనరల్ భవనం పిట్టగోడ మీద బారులు తీరి నిలబడేవి. కసాయి దుకాణాల దగ్గర కాచుకుని ఉండేవి. అప్పటికి ఊళ్ళో భూగర్భ మురుగు కాలువలు లేవు. చచ్చిన గొడ్లు ఎక్కడివక్కడే. కట్టెలు కొనలేని పేదవాళ్ళ శవాలు హుగ్లీలోకే. ఆ నదిలో శవాల సంగతి గురించి 1864లో శానిటరీ కమిషన్ తరఫున జాన్ స్ట్రాచీ చాలా ఘాటుగా రాశాడు. ఆ లోపు ఆ పని చేసిపెట్టినవి కాకులు, గద్దలు, నక్కలు, హర్గిలాలు.

అందుకే హర్గిలాని చంపితే 50 రూపాయల జరిమానా అని నిబంధన ఉండేది. ఆ రోజుల్లో 50 రూపాయలంటే ఒక నౌకరు చాలా నెలలపాటు పనిచేస్తేగాని రాని సొమ్ము. మన దేశంలో పక్షికి చట్టరక్షణ అనగానే మనకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుర్తొస్తుంది. దానికి ఎంతో ముందే ఒక నగరం ఒక పక్షిని కాపాడింది. జాలితో కాదు, అవసరంతో.

ఆ అవసరం తీరిపోయిన క్రమం కూడా చూడాలి. 1850ల చివరినుంచి 1870ల దాకా కలకత్తాలో భూగర్భ మురుగు కాలువలు తవ్వారు. 1860లలో ఊరికి తూర్పున ఉన్న ఉప్పు చెరువుల వైపు నగరపాలక సంస్థ ఒక చదరపు మైలు భూమి తీసుకుని, చెత్తనంతా రైలు పెట్టెల్లో అక్కడికి తోలడం మొదలుపెట్టింది. ఆ చోటు పేరు ధాపా. కబేళాలు ఊరి చివరకి వెళ్ళాయి. శవాలకి దహనవాటికలు వచ్చాయి. ఇవన్నీ మంచి పనులే. కలరాతో ఏటా వేలమంది పోయే ఊళ్ళో వాటిని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆ పనులు జరిగినప్పుడు ‘ఇన్నాళ్ళూ వీటిమీద బతికిన పక్షి ఇక ఏం తింటుంది?’ అన్న ప్రశ్న ఏ ఫైల్లోనూ లేదు. ముద్ర మీదకి ఎక్కిన కొన్ని దశాబ్దాలకే హర్గిలా ఊళ్ళోంచి మాయమైపోయింది.

ఊరు చూడని సగం

తిండి తగ్గిపోవడం కథలో ఒక ముక్క మాత్రమే. రెండో ముక్క కలకత్తాకి చాలా దూరంగా జరిగింది.

చలికాలం మొదలవుతూనే హర్గిలాలు కలకత్తా విడిచి వెళ్ళిపోయేవి. గూళ్ళు ఎక్కడ కడతాయన్నది పక్షిశాస్త్రజ్ఞులకి చాలాకాలం పొడుపుకథగానే ఉండిపోయింది. 1877లో దిగువ బర్మాలోని పెగూ ప్రాంతంలో, సిట్టాంగ్ నది పక్కన ష్వేజిన్ అనే చోట ఒక బ్రహ్మాండమైన సంతానోత్పత్తి స్థావరం బయటపడింది. కొండల మీదా, పెద్ద చెట్ల మీదా లెక్కపెట్టలేనన్ని గూళ్ళు. పక్షి కాలికి ఉంగరం తొడిగి అది ఎక్కడికి పోతుందో వెంబడించే పద్ధతి అప్పటికి ఇంకా రాలేదు. కాబట్టి ఏ హర్గిలా ఎక్కడిదో చెప్పే దారి లేదు. అయితే ఆ స్థావరం ఎవరి రక్షణలోనూ లేదు. 1930ల నాటికి అది లేదు.

ఇంకో సంగతి. హర్గిలా తోక కింద మెత్తటి తెల్లటి ఈకలు ఉంటాయి. ఐరోపాలో దొరసానుల టోపీలకీ, మెడ చుట్టూ వేసుకునే అలంకారాలకీ వాటిని వాడేవాళ్ళు. ఆ సరుకుకి వ్యాపారంలో ‘కొమర్‌కొల్లీ’ అని బెంగాల్లోని కుమార్‌ఖాలీ పేరే ఉండేది. ఒకపక్క చంపితే జరిమానా, ఇంకోపక్క ఈకలకి బేరం.

మొత్తమ్మీద జరిగిందేమిటంటే, కలకత్తా ఆ పక్షిని అది అన్నం తినే చోట మాత్రమే కాపాడింది. అది పిల్లల్ని కనే చోటు ఊరి పరిధిలో లేదు, ఊరి ఆలోచనలోనూ లేదు. ఒక జీవి ఆవాసంలో మనకి కనిపించే సగాన్ని లెక్కలోకి తీసుకుని, కనిపించని సగాన్ని వదిలేయడం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ మన పర్యావరణ నివేదికలు చాలావరకు ఆ అలవాటు మీదే నడుస్తున్నాయి.

దీపర్ బీల్

ఇరవయ్యో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఉత్తర భారతమంతా, బర్మా వరకూ వ్యాపించి ఉన్న ఈ పక్షి మూడు చోట్ల మిగిలింది. కంబోడియాలో తోన్లే సాప్ సరస్సు చుట్టూ కొన్ని. బీహార్‌లో భాగల్‌పూర్ దగ్గర గంగ ఒడ్డున కొన్ని. అక్కడి గ్రామస్థులు దీన్ని గరుడ పక్షి అంటారు, విష్ణువు వాహనంగా చూస్తారు. అన్నింటికంటే ఎక్కువగా అస్సాంలో, ముఖ్యంగా గువాహటి చుట్టుపక్కల. 2010ల మధ్యలో ప్రపంచం మొత్తం మీద ఉన్న హర్గిలాలు 1,200 దాకా ఉంటాయని అంచనా.

గువాహటికి నైరుతిలో దీపర్ బీల్ ఉంది. బీల్ అంటే బ్రహ్మపుత్ర పాత పాయలు తెగిపోయి మిగిలిన చెరువు. సంస్కృతంలో ఏనుగుని ‘ద్విపం’ అంటారు కదా, దానినుంచే ‘దీపర్’ వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. పేరు ఎలా వచ్చినా ఏనుగులు మాత్రం నిజం. దక్షిణాన ఉన్న రాణి, గర్భంగా రిజర్వ్ అడవుల్లోంచి అవి నీటికోసం, నీటి మొక్కల కోసం బీల్‌లోకి దిగుతాయి. మధ్యలో రైలు పట్టాలు పడ్డాక ఆ దారిలో కొన్ని చచ్చిపోయాయి. బీల్‌లో 200కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. వాన పడితే ఊరి నీరంతా వచ్చి చేరేది ఇక్కడికే. బసిష్ఠ, కలమణి వాగులు నీళ్ళు తెచ్చి పోస్తాయి, ఖనాజన్ కాలువ వాటిని బ్రహ్మపుత్రలోకి తీసుకుపోతుంది. గువాహటికి ఇది ఒకేసారి చేపల చెరువు, వరదనీటి తొట్టి, పక్షుల చోటు.

2002 ఆగస్టు 19న దీపర్ బీల్‌ని రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యత ఉన్న చిత్తడి నేలగా భారతదేశం ప్రపంచానికి మాట ఇచ్చినట్టు. ఆ తేదీ మనకీ గుర్తుండాలి. అదే రోజున మన కొల్లేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. తూర్పు కలకత్తా చిత్తడి నేలలూ అదే రోజున ఎక్కాయి, ఇందాక చెప్పిన ధాపాని కడుపులో పెట్టుకుని మరీ.

మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి, 2005-06 ప్రాంతంలో, గువాహటి చెత్త దీపర్ బీల్ తూర్పు అంచున ఉన్న పశ్చిమ బోరాగావ్‌లో పడడం మొదలైంది. రోజుకి 500 టన్నులకి పైగా. చెత్త అడుగునుంచి ఊరే నల్లటి నీరు పల్లానికి, అంటే బీల్‌లోకి, దారి చేసుకుంది.

హర్గిలాలు కూడా దారి చేసుకున్నాయి, చెత్తకుప్పకి. ఫోటోల్లో చూసే ఉంటారు. పొగ, ప్లాస్టిక్ సంచులు, ఆవులు, చెత్త ఏరుకునే ఆడవాళ్ళు, వాళ్ళ పక్కనే మనిషి భుజం ఎత్తున పదుల సంఖ్యలో బట్టతల కొంగలు. ప్రపంచంలో అత్యంత అరుదైన కొంగల్లో ఒకదాన్ని చూడాలంటే విదేశీ పక్షి ప్రేమికులు ముక్కుకి గుడ్డ కట్టుకుని మున్సిపాలిటీ చెత్త యార్డుకి వెళ్ళాల్సి వచ్చింది.

ఒకే చెరువుకి మూడు గీతలు

ఇప్పుడు మనం ఒక మదింపు నివేదిక రాయాల్సిన మనిషి స్థానంలో కూర్చుందాం. ‘ఈ చెత్త యార్డు ఇంకొంచెం పెంచాలనుకుంటున్నాం. పక్కన ఉన్న రక్షిత ఆవాసానికి నష్టం ఎంత?’ ఇదీ ప్రశ్న. మొదట తేల్చాల్సింది రక్షిత ఆవాసం ఎక్కడ మొదలవుతుందని.

దీపర్ బీల్‌కి కనీసం మూడు జవాబులు ఉన్నాయి. వన్యప్రాణి అభయారణ్యంగా నోటిఫై అయింది సుమారు 4.1 చదరపు కిలోమీటర్లు. రామ్‌సర్ లెక్కలో 40 చదరపు కిలోమీటర్లు. 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫై చేసిన ఎకో సెన్సిటివ్ జోన్ దాదాపు 149 చదరపు కిలోమీటర్లు. దాని వెడల్పు ఒకచోట 294 మీటర్లు, ఇంకోచోట 16 కిలోమీటర్ల పైచిలుకు. నీటినే అడుగుదాం అంటే, చలికాలంలో అది పది చదరపు కిలోమీటర్లకి ముడుచుకుని, వానాకాలంలో నలభైకి పొంగుతుంది. ఏ నెలలో వెళ్ళి కొలిస్తే ఆ నెల జవాబు వస్తుంది.

ఇది మనకి తెలియని గొడవ కాదు. కొల్లేరు చుట్టూ ఏ ఊరికి వెళ్ళి ‘ఐదో కాంటూరు’ అన్నా ఆ మాట వెనక ఎంత రాజకీయం ఉందో చెబుతారు. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో ఆ గీతని మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. రామ్‌సర్ కాగితంలో మాత్రం కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అక్కడా ఇక్కడా చెరువు ఒకటే. గీతలే వేరు, ఏ గీత దగ్గర ఎవరి జీవనోపాధి తెగుతుందన్నదే వేరు.

చట్టం ఏమంటుంది? 2000 నాటి మునిసిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు, చెత్త పూడ్చే స్థలం జనావాసాలకీ, అడవులకీ, జలవనరులకీ, జాతీయ ఉద్యానవనాలకీ, చిత్తడి నేలలకీ ‘దూరంగా’ ఉండాలి అన్నాయి. ఎంత దూరం? అంకె లేదు. బోరాగావ్ మొదలైంది ఆ నిబంధనలు అమల్లో ఉండగానే. 2006 సెప్టెంబరులో వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, ఉమ్మడి చెత్త శుద్ధి కేంద్రాలకి ముందస్తు అనుమతి ఉండాలంది. రక్షిత ప్రాంతం సరిహద్దుకి 10 కిలోమీటర్లలోపు ఉంటే వాటిని రాష్ట్ర స్థాయిలో కాదు, కేంద్ర స్థాయిలో పరిశీలించాలంది. 2014లో ఆ 10ని 5 చేశారు.

2016లో వచ్చిన కొత్త ఘన వ్యర్థాల నిబంధనల్లో ఎట్టకేలకు అంకెలు ఉన్నాయి. నదికి 100 మీటర్లు. చెరువుకి 200 మీటర్లు. ఇళ్ళకీ, జాతీయ రహదారికీ, మంచినీటి బావులకీ 200 మీటర్లు. విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. చిత్తడి నేలల్లో, వరద మైదానాల్లో అసలు వద్దు.

ఆ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు ఎందుకు? చెత్త ఉన్నచోటికి పక్షులు వస్తాయి, విమానాలకి తగులుతాయి. అంటే చెత్తకుప్ప ప్రభావం పక్షుల రెక్కల మీద ఇరవై కిలోమీటర్ల దాకా వెళుతుందని ఆ నిబంధన రాసినవాళ్ళకి బాగా తెలుసు. విమానం వైపునుంచి చూసినప్పుడు తెలిసిన సంగతి పక్షి వైపునుంచి చూసేసరికి 200 మీటర్లకి కుదించుకుపోయింది. అదే పక్షి, అదే ఆకాశం.

నది అవతల చెట్లు

బోరాగావ్‌లో తినే హర్గిలాలు చాలావరకు గూళ్ళు కట్టేది బ్రహ్మపుత్రకి ఉత్తరాన ఉన్న దాదరా, పచరియా, సింగిమారీ గ్రామాల్లో. అభయారణ్యంలో కాదు, రామ్‌సర్ గీత లోపల కాదు. మామూలు మనుషుల పెరళ్ళలో ఉన్న కదంబ చెట్ల మీదా, బూరుగు చెట్ల మీదా. చెత్త యార్డు నివేదిక రాసేవాళ్ళు నది దాటి ఎవరి పెరట్లోకో వెళ్ళి చెట్టెక్కి చూడరు కదా.

అక్కడ ఇంకో సమస్య. గూడు కింద నేల మీద ఏం పడుతుందో ఊహించుకోండి. కుళ్ళిన మాంసం ముక్కలు, ఎముకలు, రెట్ట. ఇంటివాళ్ళకి అది దరిద్రం. చెట్టు కొట్టేసేవాళ్ళు. 2007లో దాదరాలో అలా ఒక చెట్టు కొట్టినప్పుడు గూళ్ళతో సహా పిల్లలు కింద పడడం పూర్ణిమా దేవి బర్మన్ అనే జీవశాస్త్రవేత్త చూశారు. అప్పటికి ఆమె ఈ పక్షి మీదే పీహెచ్‌డీ చేస్తున్నారు. చెట్టు ఎందుకు కొట్టారని అడిగితే ఊళ్ళోవాళ్ళు ఆమె మీదే విరుచుకుపడ్డారు. పరిశోధన వాయిదా వేసుకుని ఆమె ఆ ఊరి ఆడవాళ్ళతో పని మొదలుపెట్టారు. హర్గిలాలు గుడ్లు పొదిగే కాలంలో అస్సామీ ఇళ్ళల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లకి చేసినట్టే వేడుక చేశారు. నేతపనిలో మేఖలా చాదర్ల మీదకి ఆ పక్షి బొమ్మ ఎక్కింది. ఇప్పుడు ‘హర్గిలా సేన’లో పదివేలమందికి పైగా ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి ఆమె ‘హర్గిలా బాయిదేవ్’, మన మాటలో హర్గిలా అక్కయ్య. ఆ మూడు గ్రామాల్లో 2010లో 28 ఉన్న గూళ్ళు 250 దాటాయి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆమెకి ‘ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారం ఇచ్చింది. 2023లో హర్గిలాని ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతుల వరసనుంచి రెండు మెట్లు తేలికైన వరసలోకి మార్చారు.

చరిత్ర దృష్టితో చూస్తే ఇది కలకత్తా కథకి సరిగ్గా తిరగేసిన కథ. అక్కడ తిండిచోటుకి రక్షణ, గూటికి దిక్కులేదు. ఇక్కడ గూటికి మనుషులు దొరికారు. తిండిచోటు మాత్రం విషం.

విషం అన్నది ఊరికే అనడం లేదు. 2017 జనవరిలో బోరాగావ్ చెత్తకుప్ప చుట్టుపక్కల 26 హర్గిలాలు చచ్చిపడి కనిపించాయి. చెత్తలో విషపూరితమైనదేదో తిని ఉంటాయన్న అనుమానం వెంటనే వచ్చింది. మొత్తం 1,200 ఉన్న జాతిలో ఒకే చోట 26 అంటే, వందకి రెండు పైచిలుకు.

తీసేస్తే సరిపోతుందా?

జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో బోరాగావ్ మీద కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చెత్త అక్కడినుంచి తీసేయాలన్నది సరైన తీర్పే, అందులో రెండో మాట లేదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు కూడా ఘన వ్యర్థాలు పోయడాన్ని సూటిగా నిషేధించాయి. 2021లో నగరపాలక సంస్థ చెత్తని బెలోర్తల్ అనే మరో చోటికి తరలించింది. అక్కడివాళ్ళూ మాకొద్దన్నారు. ఏ ఊళ్ళో మాత్రం ఎవరు కావాలంటారు?

ఇక్కడే ఆ నివేదిక రాసే మనిషికి నిజమైన చిక్కు వస్తుంది. చెత్తకుప్ప బీల్‌ని చంపుతోంది, కాబట్టి పోవాలి. చెత్తకుప్ప హర్గిలాకి తిండి పెడుతోంది, కాబట్టి పోతే ఏమవుతుందో చెప్పాలి. చెత్త ఏరుకుని బతికే కుటుంబాల సంగతీ ఇంతే. ఈ మూడో ముక్కని ‘సామాజిక ప్రభావం’ అని వేరే అధ్యాయంలో, రెండో ముక్కని ‘జీవవైవిధ్యం’ అని జాతుల జాబితా రూపంలో, మొదటి ముక్కని ‘నీటి నాణ్యత’ అని పట్టికలో పెట్టేస్తారు. అధ్యాయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. నిజానికి ఆ పక్షీ, ఆ మనిషీ, ఆ నీరూ ఒకే కుప్ప చుట్టూ ఉన్నారు.

చెత్తకుప్పే హర్గిలా సహజ ఆవాసం అని నేను అనడం లేదు. గూట్లో పిల్లలు ఉన్నప్పుడు హర్గిలా చెరువులకీ బురద పొలాలకీ వెళ్ళి చేపలు, పాముల్లాంటి ఈల్ చేపలు, కప్పలు తెచ్చి పెడుతుంది. అంటే దానికి కావలసింది బీలే. బీళ్ళు పూడ్చి ఇళ్ళు కట్టుకుంటూ వచ్చాం కాబట్టి, చచ్చిన గొడ్లని పొలాల్లో వదిలేసే అలవాటు పోయింది కాబట్టి, మిగిలిన తిండి చెత్తకుప్ప అయింది. చెత్తకుప్ప దాని ఆవాసం కాదు, పోయిన ఆవాసానికి బదులు మనం చేతిలో పెట్టిన అప్పు చీటీ. దాన్ని చించేసే ముందు అప్పు తీర్చాలి. అంటే బీల్‌లో చేపలు బతికే నీరు తిరిగి రావాలి. అది రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యకాలంలో కసాయి దుకాణాల మాంసం వ్యర్థాలని ప్లాస్టిక్‌తో, బ్యాటరీలతో, ఆసుపత్రి చెత్తతో కలపకుండా విడిగా సేకరించినా చాలా తేడా వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మన ఇళ్ళ ముందుకి వచ్చే బండివాళ్ళు రోజూ చెప్పేది ఈ మాటే. దాని చివర ఒక పక్షి ఉంటుందని మాత్రం మనకెవరూ చెప్పలేదు.

రాబందుల కథ మన తరం కళ్ళముందే జరిగింది. పశువులకి వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిని రాబందులు కోట్ల సంఖ్యలో పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించే నాటికి పెద్ద నష్టం జరిగిపోయింది. అక్కడ కూడా రాబందులకి అభయారణ్యాలు ఉన్నాయి, చట్టరక్షణ ఉంది. ప్రమాదం గీత లోపల లేదు. పశువుల డాక్టరు సంచిలో ఉంది.

ఏ ప్రశ్న అడగాలి

మన దగ్గర ఇలాంటి మదింపులకి మామూలుగా ఒక సీజను సమాచారం చాలు. వానాకాలం కాకుండా మూడు నెలలు. ప్రాజెక్టు చుట్టూ కంపాసుతో ఒక వృత్తం. ఆ వృత్తంలో కనిపించిన జాతుల పేర్ల జాబితా. హర్గిలా ఆ జాబితాలో ఒక వరస అవుతుంది, అంతే. ‘కనిపించింది’ అని ఒక టిక్కు. అది ఇక్కడికి ఏ నెలలో వస్తుంది, ఏం తింటుంది, తిన్నది ఎక్కడికి మోసుకుపోయి ఎవరికి పెడుతుంది, ఇది మూసేస్తే ఎక్కడికి వెళుతుంది, అక్కడ చెట్టు ఎవరిది, ఆ చెట్టు యజమానికి ఈ సంగతి తెలుసా? ఈ ప్రశ్నలకి జాబితాలో గడులు లేవు.

ధాపా అనుభవం ఇంకో దారి ఉందని చెబుతుంది. 1880ల నుంచి అక్కడ చెత్త మీద కూరగాయలు పండించారు. ఊరి మురుగు నీటిని చెరువుల్లోకి మళ్ళించి, ఎండకి శుద్ధి చేసి చేపలు పెంచారు. అది చిత్తడి నేలో, మురుగు శుద్ధి కేంద్రమో, పొలమో తేల్చలేక అధికారులు తలలు పట్టుకున్నారు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు 1980లలో అక్కడి జాలర్ల దగ్గర కూర్చుని ఆ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో నేర్చుకుని కాగితం మీద పెట్టాడు. 1992లో కలకత్తా హైకోర్టు ఆ భూముల్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదంది. ఆయన చేసిన మదింపు వృత్తం గీయడంతో మొదలవలేదు. నీళ్ళు ఎక్కడినుంచి వచ్చి, ఎవరి చేతుల మీదుగా, ఎక్కడికి పోతున్నాయి అని వెంబడించడంతో మొదలైంది. అలాగని ధాపా స్వర్గమేమీ కాదు. ప్లాస్టిక్ వచ్చాక ఆ చెత్త మీద కూరగాయలంటేనే భయపడే రోజులు వచ్చాయి. రామ్‌సర్ గీత లోపలే ఈనాటికీ చెత్త కొండ ఉంది. కానీ అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

హర్గిలాకి కూడా అదే ప్రశ్న వేయాలి. అది తన ఆవాసాన్ని చదరపు కిలోమీటర్లలో కొలుచుకోదు. నెలల్లో కొలుచుకుంటుంది. కార్తీకంలో బూరుగు చెట్టు, మాఘంలో పిల్లలకి చేపలు, ఆషాఢంలో పొంగిన బీల్ ఒడ్డు, ఏదీ లేని రోజున మున్సిపాలిటీ లారీ. ఇందులో ఏ ఒక్కటి తెగినా మిగతావి ఉండీ ప్రయోజనం లేదు. 1877లో ష్వేజిన్ కొండల గురించి తెలిసినప్పుడే కలకత్తా నగరపాలక సంస్థలో ఎవరైనా ‘మన పక్షి గూడు అక్కడ ఉందేమో’ అని ఒక ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. రాయలేదని మాత్రం చెప్పగలం. పందొమ్మిదేళ్ళ తర్వాత ముద్ర మీద బొమ్మ వేయించుకున్నారు.

ఇప్పుడు దేశంలో దాదాపు ప్రతి పెద్ద ఊరికీ ఒక చెత్త కొండ ఉంది, దాని పక్కన ఒక చెరువు ఉంది, ఆ కొండని ఇంకొంచెం పెంచాలన్న ప్రతిపాదన ఏదో ఒక టేబుల్ మీద ఉంది. పల్లపు భూమి చవక కాబట్టి చెత్తకీ చెరువుకీ పొరుగు తప్పడం లేదు. బహిరంగ విచారణ అని పేపర్లో చిన్న ప్రకటన వస్తుంది, దానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళితే అడగాల్సిన ప్రశ్న పెద్దదేమీ కాదు. ‘మీ జాబితాలో ఉన్న ఈ పక్షి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?’ అని అడిగితే చాలు. దానికి జవాబు ఉన్న నివేదికకి, లేని నివేదికకి తేడా అక్కడే తెలిసిపోతుంది.